చదివినట్టే ఉంటుంది!

ఇంజనీరింగ్ మూడో ఏడాదికి వచ్చేసరికి చదువు ఎంత అబ్బిందో పరీక్ష పేపర్లు దిద్దేవాళ్ళు చెప్పాలి. చదువుతున్నట్టు కనిపించే విద్యలో మాత్రం మా హాస్టల్ ఫ్లోరు ఫ్లోరంతా డాక్టరేటుకి అర్హులమే. ఏ గదిలోకి తొంగిచూసినా గోడ మీద టైమ్‌టేబుల్ ఉంటుంది. దానికి స్కేలు, నాలుగు రంగుల స్కెచ్ పెన్నులు, ఓ ఆదివారం ఖర్చవుతాయి. తెల్లవారుజామున నాలుగున్నరకి లేవడం, ఐదింటిదాకా ధ్యానం, ఆపైన సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్. అమలు సోమవారం నుంచి. ఏ నెలలో సోమవారమో మాత్రం ఎవరూ రాయరు.

మా రూమ్మేటుది ఇంకో సాధన. వాడు హైలైటర్ యోగి. మాకు అందే నోట్సు ఎవరో సీనియర్ అక్కయ్య చేతిరాత. జెరాక్సుకి జెరాక్సు తీసి, దానికి మళ్ళీ జెరాక్సు తీసేసరికి స్క్వేర్ గుర్తులు గాల్లో కలిసిపోయి, ‘రో’ కాస్తా ‘పి’ అయిపోయి ఉంటుంది. దాని మీద వీడు పసుపు పూస్తాడు. మొదటి పేజీలో ముఖ్యమైన వాక్యాలకే. పదో పేజీకి వచ్చేసరికి కాగితమంతా పెళ్ళికూతురిలా తయారవుతుంది.

“ఇంత పసుపు దేనికిరా?” అని అడిగాను.

“అదంతా ఇంపార్టెంట్ మావా.”

“మరి పూయని ఈ రెండు లైన్లు?”

“అవి ఇంకా చదవలేదు.”

2013లో జాన్ డన్లాస్కీ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త, తోటి పరిశోధకులతో కలిసి, విద్యార్థులు వాడే పది పద్ధతుల్ని తిరగేసి చూశాడు. హైలైటర్ పూయడం, చదివిందే మళ్ళీ చదవడం అట్టడుగున తేలాయి. పుస్తకం మూసి తనకు తాను పరీక్ష పెట్టుకోవడం, ఒకేసారి మింగకుండా రోజుల తరబడి కాస్త కాస్త చదవడం పైన నిలిచాయి. ఈ సంగతి మావాడికి చెప్పాను. శ్రద్ధగా విని, నా చేతిలోని కాగితం లాక్కుని, ముఖ్యమైన చోట హైలైట్ చేసుకున్నాడు.

చదివిందే చదివితే ఏమవుతుందో 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు పరిశోధకులు తేల్చారు. కొందరు విద్యార్థుల చేత ఒక పాఠాన్ని మళ్ళీ చదివించారు. ఇంకొందరి చేత, పాఠం దగ్గర లేకుండా, గుర్తున్నంతా రాయించారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే చదివినవాళ్ళు గెలిచారు. వారం తర్వాత పెడితే రాసినవాళ్ళు గెలిచారు. చిత్రమేమిటంటే, మాకు బాగా గుర్తుంటుందని ధీమాగా చెప్పినవాళ్ళు మాత్రం మళ్ళీ మళ్ళీ చదివిన బ్యాచే.

నాకు ఇందులో నచ్చింది ఆ ఐదు నిమిషాల ముక్క. ఎగ్జామ్ హాలు బయట, మెట్ల మీద, చెట్ల కింద, స్పైరల్ బైండింగ్ ముఖానికి ఆనించుకుని గొణుక్కునే జనాన్ని చూసి లెక్చరర్లు నవ్వుతారు కదా, ఆ జనం చేసేది శాస్త్రసమ్మతమే! ఐదు నిమిషాల్లో బెల్లు కొడితే చాలు. చిక్కల్లా తర్వాతి సెమిస్టరులో వస్తుంది. సర్క్యూట్స్ మీద ఆధారపడిన మెషీన్స్ పేపరు ఎదురైనప్పుడు, సర్క్యూట్స్ అనే సబ్జెక్టుని మనం పాసయ్యామన్న సంగతి మార్కుల మెమో చెబితే తప్ప గుర్తుకు రాదు.

మా గేటు ఎదుట జెరాక్స్ షాపాయన సంగతి కూడా చెప్పాలి. ఎన్నో బ్యాచుల నోట్సులు ఆయన చేతి మీదుగా వెళ్ళాయి. పరీక్షల ముందురోజు మేం కాగితాల కోసం నిలబడితే, మిషన్ మూత ఎత్తుతూ దించుతూ, “మూడో యూనిట్ వదిలెయ్ బాబూ, పోయినసారి వచ్చేసింది. రెండు, ఐదు చూస్కో” అంటాడు. ఎక్కువసార్లు ఆయన మాటే నిలుస్తుంది. పైగా ఆయన ఒక్క అక్షరం చదవడు. ఏ పేజీ ఎన్నిసార్లు తన మిషన్ ఎక్కిందన్నదే ఆయన కొలమానం. మా డిపార్టుమెంటులో ఇంత నిక్కచ్చి పద్ధతి ఉన్నవాళ్ళు అరుదు.

మరుపు మీద మొట్టమొదట లెక్కలు కట్టిన మహానుభావుడు హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్. అర్థం లేని అక్షరాల గుంపులు తయారుచేసుకుని, తానే బట్టీపట్టి, తానే ఎంత మరిచిపోయాడో కొలుచుకుని 1885లో పుస్తకం వేశాడు. గంట తిరక్కుండానే సగానికి పైగా పోయిందని, ఆ తర్వాత మరుపు నెమ్మదిస్తుందని ఆయన లెక్క. అర్థం లేనిదాన్ని బట్టీపట్టడంలో మన ఇంటర్మీడియట్ కుర్రాళ్ళకి ఆయనే ఆదిగురువు. పాపం, ఆయనకి వార్డెన్ లేడు.

మాకు ఉండేవాడు. ఇంటర్లో తెల్లారకముందే స్టడీ అవర్, రాత్రి మళ్ళీ స్టడీ అవర్, మధ్యలో స్లిప్ టెస్టు. ప్రాణాలు తీశారని అప్పుడు తిట్టుకున్నాం. తీరా చూస్తే శాస్త్రం చెప్పిందీ అదే: తరచూ చిన్న పరీక్ష పెట్టుకో. పరిశోధకులు పరీక్షని గుర్తుంచుకోవడానికి వాడమన్నారు, మావాళ్ళు సెక్షన్లు మార్చడానికి వాడారు. అంతే తేడా.

ఇక పొమొడోరో. 1980ల చివర్లో ఇటలీలో ఫ్రాంచెస్కో చిరిల్లో అనే విద్యార్థి, వంటింట్లో వాడే టొమాటో ఆకారపు టైమర్ ముందు పెట్టుకుని, 25 నిమిషాలు చదువు, 5 నిమిషాలు విరామం అనే పద్ధతి కుదుర్చుకున్నాడు. మా పక్కగది కుర్రాడు యాప్ దించుకున్నాడు. విరామంలో ఒక్క రీల్ చూస్తానన్నాడు. ఆ ఐదు నిమిషాలు మదనపల్లె మార్కెట్లో టొమాటో ధరలా ఎప్పుడు ఎంతకు పెరుగుతాయో ఎవరికీ తెలీదు. యాప్ మాత్రం పాపం నిజాయితీగా మోగుతూనే ఉంటుంది.

ఈ పరిశోధనలన్నీ చూస్తుంటే నాకు అమ్మమ్మగారి ఊళ్ళో ఉగాదికి జరిగే అష్టావధానం గుర్తొచ్చింది. చిన్నప్పుడు పులిహోర కోసం కూర్చున్నాను గానీ, ఇప్పుడు ఆలోచిస్తే అదంతా చదువుకునే పద్ధతే. అవధాని, సమస్య ఇచ్చినాయనకి ఒక పాదం చెప్పి, దత్తపది ఇచ్చినాయన దగ్గరికి వెళ్ళి ఒక పాదం, వర్ణన అడిగినాయనకి ఒక పాదం. అలా ఒక చుట్టు తిరిగి మళ్ళీ మొదటాయన దగ్గరికి వచ్చి రెండో పాదం. ఒకే పద్యం ఏకబిగిన పూర్తిచేయరు. అంటే ప్రతిసారీ ఎక్కడ ఆపామో కాగితం లేకుండా తవ్వి తీసుకోవాలి. చివర్లో పద్యాలన్నీ ధారణగా అప్పజెప్పాలి. ఎడం ఇవ్వడం, మార్చి మార్చి చదవడం, గుర్తు తెచ్చుకోవడం అని అమెరికాలో వేర్వేరు పేర్లతో పరిశోధించినవన్నీ ఒకే వేదిక మీద, శాలువాతో సహా! మధ్యలో “అవధానిగారూ, తమరు ఇడ్లీలో చట్నీ నంజుకుంటారా, చట్నీలో ఇడ్లీనా?” అని అడ్డొచ్చే అప్రస్తుత ప్రసంగి కూడా మాకు ఉన్నాడు. జేబులో ఉంటాడు, రాత్రిళ్ళు చార్జింగ్‌లో ఉంటాడు. అవధాని ఆయనకి ఒక చమత్కారం విసిరి పద్యంలోకి వెళ్ళిపోతాడు. మేం ఆయన వెంట వెళ్ళిపోతాం.

ఏదైనా అర్థమైందో లేదో తెలియాలంటే తెలియనివాళ్ళకి చెప్పి చూడమంటారు. దీనికి భౌతిక శాస్త్రవేత్త ఫైన్‌మన్ పేరు తగిలించి ప్రచారం చేస్తున్నారు. సంక్రాంతి సెలవుల్లో ఈ పని అమ్మమ్మ మీద చేద్దామనుకున్నాను. నేను మొదలెట్టకముందే ఆవిడే అడిగింది.

“ఒరే నాన్నా, వీధి చివర ఆ కరెంటు డబ్బా అస్తమానం బుయ్యిమంటుందేంట్రా?”

“అది ట్రాన్స్‌ఫార్మర్ అమ్మమ్మా.”

“పేరు అడగలేదు. ఎందుకరుస్తుందని.”

“లోపల కరెంటు పోతోంది కదా, అందుకు.”

“మనింటి వైర్లలోనూ కరెంటేగా పోతోంది? అవి అరవ్వేం?”

వైవాకి వచ్చిన ఎక్స్‌టర్నల్ కూడా నన్నిలా నిలదీయలేదు. ఈఎమ్ఎఫ్ సమీకరణంలో 4.44 ఎక్కడి నుంచి వచ్చిందో నిద్రలో లేపినా రాసేస్తాను. ఫేజర్ బొమ్మలు గీయడంలో నాకు పేరుంది. బుయ్యి అనే శబ్దం మాత్రం ఏ ఇంపార్టెంట్ క్వశ్చన్లోనూ లేదు. మేడెక్కి పుస్తకం తీశాను. లోపలి ఇనుప రేకులు అయస్కాంతత్వం మారినప్పుడల్లా కంటికి కనపడనంత సాగి ముడుచుకుంటాయట. మన కరెంటు సెకనుకి 50 సార్లు ఊగుతుంది. ఊగినప్పుడల్లా రెండుసార్లు సాగుతాయి కాబట్టి సెకనుకి 100 సార్లు అదురు. ఆ అదురే మోత. దిగొచ్చి పుస్తకం లేకుండా చెప్పాను. మధ్యలో రెండుసార్లు తడబడితే ఆవిడ చిక్కుడుకాయ ఈనె తీస్తూ ఆగింది, నన్ను వదల్లేదు.

“మరి అందులో నూనె పోస్తారటగా?”

“వేడి తగ్గడానికీ, ఇన్సులేషన్‌కీ.”

“ఏం నూనె? పామాయిలా?”

“మినరల్ ఆయిల్ అమ్మమ్మా. వేపుళ్ళకి పనికిరాదు.”

ఆ సెమిస్టరు మొత్తంలో నాకు ఇప్పటికీ చెక్కుచెదరకుండా ఉన్న పాఠం అదొక్కటే.

కాబట్టి పాఠకులకి ఒక మనవి. మీ ఇంట్లో ఏ జవాబుతోనూ తృప్తిపడని అమ్మమ్మలు, నాయనమ్మలు, తాతగార్లు ఉంటే మిడ్ పరీక్షలకి ముందు మా హాస్టల్‌కి పంపండి. సబ్జెక్టు తెలియనక్కర్లేదు, “అయితే ఎందుకూ?” అనడం వస్తే చాలు. రానుపోను చార్జీలు మేమే పెట్టుకుంటాం. మెస్సులో సాంబారు గురించి మాత్రం మమ్మల్ని ఏమీ అడగకూడదు.