ఎకరం ఇవ్వు, ఉద్యోగం పట్టు

అభివృద్ధి సూత్రాన్ని మా శ్రీసత్యసాయి జిల్లా బాగా వంటబట్టించుకుంది. ఉద్యోగం కావాలంటే భూమి వదులుకోవాలి. ఎంత భూమి వదిలితే అన్ని ఉద్యోగాలు. ఈ లెక్కన చిలమత్తూరు, గోరంట్ల మండలాల్లో నిరుద్యోగి అనేవాడు మందుకైనా దొరకకూడదు. లేపాక్షి నాలెడ్జ్ హబ్ పేరు చెప్పి 2009 ప్రాంతంలో అక్కడ ఏకంగా 8,844 ఎకరాలు రాసిచ్చేశారు. విజ్ఞానం మొలుస్తుందన్నారు. మొలిచింది సర్కారు కంప. అలాగని భూమి ఖాళీగా కూర్చుందని అనుకోకండి. బ్యాంకుల్లో తాకట్టుకు వెళ్లింది, సీబీఐ, ఈడీ ఫైళ్లలో ఊరేగింది, దివాలా కేసుల గుమ్మం కూడా తొక్కింది. రైతు పదో తరగతి దాటలేదు గానీ, ఆయన చేను చూడండి, ఎంత లోకజ్ఞానం సంపాదించిందో!

కియా సంగతి వేరు. అది నిజంగానే వచ్చింది. 2017లో ఒప్పందం, 2019లో పెనుకొండ పక్కన ఎర్రమంచి నుంచి కారు రోడ్డెక్కింది. ఏటా మూడు లక్షల కార్లు చేయగల ఫ్యాక్టరీ. ఉద్యోగాలు వచ్చాయి, కాదంటే కళ్లు పోతాయి. దానికి నీళ్లిచ్చేది శ్రీశైలం దగ్గర్నుంచి హంద్రీ-నీవా కాలువ పట్టుకుని గొల్లపల్లి రిజర్వాయరు దాకా వచ్చిన కృష్ణమ్మే. దశాబ్దాల పాటు రైతు పిలిస్తే పలకని తల్లి, కారు హారన్ కొట్టగానే ఫ్యాక్టరీలోకి నడిచింది. చిక్కేమిటంటే, ఆ ఒక్క కియా పుణ్యాన ప్రతి ఐదొందల ఎకరాల కిందా ఇంకో కియా దాక్కుని ఉందని మన నాయకులు నమ్మేశారు. తవ్వుతూ పోవడమే తరువాయి.

ఇక ధర్మవరం రండి. పొద్దున మగ్గం గుంతలో కూర్చోబోయే ముందు నేతగాడు తినే ఉగ్గాని, బజ్జీ ఉందే, ఆ బజ్జీ ఏ నూనెలో వేగిందో మాత్రం అడక్కండి. ఒకప్పుడు ఉమ్మడి అనంతపురంలో ఏడు లక్షల హెక్టార్లకు పైగా చెనక్కాయ వేసేవాళ్లు. దేశంలో ఇంకే జిల్లా వెయ్యనంత. అలాంటి చోట బజ్జీ వేగేది పామాయిల్‌లో! ఇండోనేషియాలోనో మలేషియాలోనో పుట్టి, ఓడెక్కి, రేవులో దిగి, లారీలో పడి మన మూకుట్లోకి వచ్చింది. దేశం తినే వంటనూనెలో సగానికి పైగా దిగుమతే. దీనికీ ముందుచూపుతో ఏర్పాటు చేశాం. గోరంట్ల మండలం పాలసముద్రంలో 500 ఎకరాల్లో కస్టమ్స్ అధికారుల అకాడమీ ఉంది, 2024 జనవరి 16న ప్రధాని ప్రారంభించారు. పామాయిల్ మీద సుంకం ఎలా లెక్కగట్టాలో చెనక్కాయ చేల మధ్య కూర్చుని నేర్చుకోవచ్చు. ఇంత కలిసొచ్చిన చోటు ప్రపంచంలో ఇంకెక్కడైనా ఉంటుందా?

మన చెనక్కాయ ఏమైందంటే, కాయగానే ఊరు దాటిపోయింది. ఒలిచే పని, గింజ ఏరే పని, గానుగ పని, డబ్బాల్లో నింపే పని, పశువులకు చెక్క అమ్ముకునే పని, అన్నీ దానితోనే లారీ ఎక్కేశాయి. తర్వాత అవే ఉద్యోగాల కోసం మనం బెంగళూరు రైలెక్కుతాం. కదిరి పరిశోధన కేంద్రం పాపం కొత్త రకాలు తీస్తూనే ఉంది. ఒకదానికి కదిరి లేపాక్షి అని పేరు పెట్టారు. లేపాక్షి పేరు పెట్టుకుని నిజంగా కాసింది అదొక్కటే.

హిందూపురం చింతపండు కథ ఇంకా ముచ్చటైనది. మార్కెట్ యార్డులో కరిపులి, ఫ్లవర్ అని రకాలు విడదీసి వేలం వేస్తారు. ఆ పండు యార్డుకు చేరేలోగా పెంకు తీసి, పీచు లాగి, గింజ కొట్టే ఆడవాళ్లు ఎందరో! కూలి కిలో లెక్కన. ఒక్క సెంటు భూమి సేకరించలేదు, ఒక్క రాయితీ ఇవ్వలేదు. అందుకే పెట్టుబడుల సదస్సుల్లో దీని ఊసు రాదు. శంకుస్థాపన రాయి లేనిదాన్ని మనం ఉపాధి అనం కదా. ఆ ఆడవాళ్ల దగ్గర ఉన్న రాయి ఒక్కటే, చింతగింజ కొట్టేది.

భూమిని కాపాడే మహానుభావులు కూడా లేకపోలేదు. హిందూపురం, లేపాక్షి చుట్టుపక్కల బెంగళూరు బాబులకు పావు ఎకరం చొప్పున ‘మేనేజ్డ్ ఫార్మ్‌ల్యాండ్’ అమ్ముతున్నారు. నాలుగు మామిడి మొక్కలు, రెండు శ్రీగంధం మొక్కలు, ఒక ఈతకొలను. బ్రోషర్ నిండా ‘మట్టికి దగ్గరగా’ వగైరా. వారాంతంలో వచ్చి మొక్కతో ఫొటో దిగి, సోమవారానికి కంప్యూటర్ ముందుకు. ఆ చేను పాత యజమానికి గేటు తీసే ఉద్యోగం. చూశారా, సూత్రం మళ్లీ నెగ్గింది!

ఇంత జరుగుతుంటే పెనుకొండకూ ధర్మవరానికీ మధ్య, చెన్నేకొత్తపల్లి దగ్గర, కొందరు మొండివాళ్లు 1990 నుంచీ సూత్రాన్ని తిరగేసి చదువుతున్నారు. బబ్లూ గంగూలీ, మేరీ వట్టమట్టం మొదలుపెట్టిన టింబక్టు కలెక్టివ్. 32 ఎకరాల బీడుతో ఆరంభం. ఇప్పుడు అక్కడి రైతులకు ధరణి అని సొంత సహకార సంఘం ఉంది. కొర్ర, సామ, చెనక్కాయ మందుల్లేకుండా పండిస్తారు, సంఘమే కొంటుంది, శుభ్రం చేసి, ప్యాకెట్టు కట్టి అమ్ముతుంది. చేనూ రైతుదే, సంఘమూ రైతుదే. ఇందులో నాయకుడు రిబ్బన్ కత్తిరించడానికి సందేదీ? అదే దాని లోపం.

ఈ దారి సర్కారుకు తెలియదనుకుంటే పొరపాటు. 2023 మార్చిలో బడి పిల్లలకు వారానికి మూడు రోజులు రాగిజావ పెట్టారు. రాష్ట్రమంతా కలిపి సుమారు 38 లక్షల మంది. రాగిపిండి, బెల్లం ఇచ్చింది మన పుట్టపర్తి సత్యసాయి ట్రస్టే. అంత పిండి అవసరం పడ్డప్పుడు మడకశిరలో, రొద్దంలో మరలు పెట్టించి, ఇక్కడి రైతు దగ్గరే ఏడాది ముందు ధర చెప్పి కొంటామంటే, రాగి చేనును ప్లాట్లుగా కోసుకునే పని ఎవరికి పడుతుంది? హాస్టళ్లున్నాయి, అంగన్వాడీలున్నాయి, ఆసుపత్రులున్నాయి, కియా క్యాంటీన్ ఉంది. రోజూ తినే నోళ్లు ఇన్ని ఉండగా, కొనేవాడి కోసం విదేశీ పర్యటనలకు వెళ్లడం మనకే చెల్లింది.

2013 భూసేకరణ చట్టం ఐదేళ్లు వాడని భూమిని రైతుకు తిరిగివ్వాలని, లేదంటే ప్రభుత్వ ల్యాండ్ బ్యాంకులో వేసుకోవచ్చని చెబుతుంది. రెండో సగం మాత్రమే మనవాళ్లకు కంఠస్థం. కాబట్టి ఈసారి మీ ఊళ్లో భూసేకరణ సభ పెట్టినప్పుడు, వచ్చిన అధికారికి బెల్లం, చెనక్కాయలు పెట్టి మర్యాద చేయండి. ఎకరానికి ఎన్ని ఉద్యోగాలు, ఏ తేదీలోగా, రాకపోతే చేను ఎప్పుడు వెనక్కి, ఈ మూడూ రాసి సంతకం పెట్టమనండి. పెట్టేదాకా పాస్‌పుస్తకం బయటికి తీయకండి.