అదిగో సార్, అక్కడే తీశారు!

మా ఉత్తరాంధ్రలో రాయి రాయిలా బతికే రోజులు పోయాయి. ఏ రాయి మీద చెయ్యి వేసినా, దాని మీద ఫలానా హీరో కూర్చున్నాడనో, ఫలానా హీరోయిన్ జారిపడిందనో, విలన్ దూకి చచ్చాడనో చరిత్ర బయటపడుతోంది. ఈ చరిత్రను తవ్వి తీస్తున్నది పురావస్తు శాఖవాళ్లు కారు. వెనక అద్దం మీద ‘వన్ డే ప్రైవేట్ టూర్, సినిమా లొకేషన్లు ప్లస్ అరకు’ అని స్టిక్కర్ అంటించుకుని తిరిగే కార్లవాళ్లు.

ఆనందపురం జంక్షన్లో తెల్లవారుజామున నిలబడితే ఈ బండ్లు కనబడతాయి. ఒక పక్క రైతులు పూలమూటలు దించుకుని బేరాలాడుకుంటూ ఉంటారు. ఇంకో పక్క బండి ఆపి, నిద్రకళ్లతో ఒక కుటుంబం టీ తాగుతూ ఉంటుంది. ఇటు భీమిలి సముద్రం, అటు పెందుర్తి మీదుగా శృంగవరపుకోట, ఆపైన అనంతగిరి ఘాట్. సముద్రాన్నీ కొండనీ ఒకే రోజులో ‘కవర్’ చేస్తామన్నవాడికి మధ్యలో మా ఊరు తగలక తప్పదు. మా ఊళ్లో ఏ సినిమా తీశారో ఇంకా తేలలేదు కాబట్టి ఇక్కడ టీ మాత్రమే. ఆ పాటి గౌరవం చాలు మాకు.

ప్యాకేజీలో ఏముంటుందని అడక్కండి, ఏముండదని అడగండి. భీమిలి, ఎర్రమట్టి దిబ్బలు, తాటిపూడి జలాశయం, కాఫీ తోటలు, గాలికొండ వ్యూ పాయింట్, బొర్రా గుహలు, పద్మాపురం గార్డెన్స్, గిరిజన మ్యూజియం, చాపరాయి, బొంగులో చికెన్. ఇవన్నీ ఒక్క పగటిపూట. విశాఖ నుంచి అరకు ఒక వైపే 115 కిలోమీటర్లు, అందులో మలుపుల ఘాట్ కొంత. లెక్క వేస్తే ఒక్కో చోట మనిషికి దక్కేది దిగడానికీ, ఫోటోకీ, మళ్లీ ఎక్కడానికీ సరిపడా సమయం. పిల్లవాడు మూత్రానికి వెళ్తానంటే ఒక జలపాతం జాబితాలోంచి ఎగిరిపోతుంది.

సినిమా అనే మాట ఇందులోకి ఎందుకొచ్చిందంటే, దానికో వ్యాపార రహస్యం ఉంది. కొండను చూపించాలంటే కొండ గురించి తెలియాలి. సినిమాని చూపించాలంటే ఏమీ తెలియక్కర్లేదు, వేలు చూపిస్తే చాలు. “అదిగోండి సార్, ఆ బండ మీదే కమల్ హాసన్ కూకున్నాడు.” అయిపోయింది. బండకు వయసు అక్కర్లేదు, పేరు అక్కర్లేదు. 1978లో విడుదలైన బాలచందర్ ‘మరోచరిత్ర’ను విశాఖ, భీమిలి తీరాల్లోనే తీసిన మాట నిజం కాబట్టి కమల్ హాసన్ ఇక్కడ ఎక్కడో ఒకచోట కూర్చునే ఉంటాడు. కాకపోతే అది నలుపు తెలుపు సినిమా. ఎర్రమట్టి దిబ్బల ముందు నిలబడి ఫోన్లో రంగు తీసేసి, ‘మరోచరిత్ర లుక్’ అని ఫోటో దిగే జంటలను చూస్తే నాకు ముచ్చటేస్తుంది. ఎర్రగా ఉండటం తప్ప వేరే గొప్ప చెప్పుకోని దిబ్బలవి. జియోలాజికల్ సర్వే 2014లో వాటిని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది, 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకీ ఎక్కాయి. వేల ఏళ్లపాటు గాలీ సముద్రమూ కలిసి పేర్చిన ఇసుక అది. ఏం లాభం, డూయెట్ ఏదో చెప్పండి.

జంధ్యాల గారయితే ఈ నగరాన్నే స్టూడియోగా వాడుకున్నారు. ‘నాలుగు స్తంభాలాట’, ‘రెండు జెళ్ళ సీత’, ‘శ్రీవారికి ప్రేమలేఖ’ ఇక్కడి ఇళ్లలో, వీధుల్లో పుట్టాయి. ఆ ఇల్లు చూపించవయ్యా అంటే మాత్రం డ్రైవర్ ఒక ఐదంతస్తుల అపార్ట్‌మెంట్ ముందు ఆపి, “దీని కింద ఉండేది సార్” అంటాడు. ఇది నిజానికి మొత్తం టూరులో అతను చెప్పే మాటల్లో అత్యంత నమ్మదగినది.

మిగతావి వినండి. ఆర్కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామి ముందు బండి ఆగుతుంది. “ఘాజీ సినిమా ఇందులోనే తీశారు సార్.” 2017లో వచ్చిన ఆ సినిమాకి జలాంతర్గామిని హైదరాబాద్‌లో సెట్ వేసి తీశారు. సరే, అది పోనివ్వండి. 1971 యుద్ధం చూసి, 31 ఏళ్లు నౌకాదళంలో పనిచేసి, 2002లో మ్యూజియంగా ఒడ్డెక్కిన అసలు జలాంతర్గామి కళ్లెదుట ఉంది. దాన్ని చూడటానికి అట్టముక్కల జలాంతర్గామి సిఫార్సు ఉత్తరం ఇవ్వాలి! అనంతగిరి ఎక్కుతుంటే ఇంకో పలుకు: “పుష్ప లారీలు దిగింది ఈ మలుపులోనే.” పుష్ప తిరిగిన అడవి మారేడుమిల్లి. అది వేరే ఘాట్, వేరే దారి. అయినా అల్లు అర్జున్ ఇక్కడ భుజం ఎగరేశాడంటే కాదనే ధైర్యం ఏ మలుపుకుంది?

ఇది మన ఒక్కరి జబ్బని అనుకోకండి. స్కాట్లాండ్‌లోనూ ఇదే. ‘బ్రేవ్‌హార్ట్’ యుద్ధాలను చాలావరకు ఐర్లండ్‌లో తీస్తే యాత్రికులు స్కాట్లాండ్‌కి పోటెత్తారు. అక్కడి గ్లెన్‌ఫిన్నన్‌లో 1901 నాటి రైలు వంతెన ఉంది, 21 కమానులతో. ఇప్పుడది హ్యారీ పోటర్ రైలు వంతెన. వంతెన కట్టిన కూలీల ఊసు ఎత్తితే, వాళ్లు ఏ భాగంలో నటించారని అడుగుతారు. కాకపోతే వాళ్ల వంతెన నిజంగానే ఆ సినిమాలో ఉంది. మనది అంతకన్నా ముందడుగు. సినిమాలో లేకపోయినా సరే.

మనకీ ఉందొక కొండరైలు, కొత్తవలస–కిరండూల్ లైను. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించి జపాన్‌కి పంపడం కోసం, ఆ దేశం సాయంతోనే, 1960లలో వేశారు. 58 సొరంగాలు. శిమిలిగుడ స్టేషన్ సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉండి, ఒకప్పుడు దేశంలోనే ఎత్తయిన బ్రాడ్‌గేజ్ స్టేషన్‌గా పేరు మోసింది. 2017 నుంచి అద్దాల పెట్టె కూడా తగిలించారు. ఆ రైలు ఎక్కితే లోయ దానంతటదే కనబడుతుంది, వేలు చూపించేవాడు అక్కర్లేదు. అందుకే ప్యాకేజీలవాళ్లకి రైలంటే గిట్టదు.

ఇక బొర్రా గుహలు. ఇక్కడ సినిమా కథలకు తోడు చరిత్ర కూడా సినిమా కథే. “1807లో జియోలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా ఆఫీసర్ విలియం కింగ్ జార్జ్ ఈ గుహలను కనిపెట్టాడు.” గైడ్లు చెప్తారు, కరపత్రాలు చెప్తాయి, పోటీ పరీక్షల పుస్తకాల్లోనూ ఉంటుంది. చిన్న ఇబ్బంది. జియోలాజికల్ సర్వే పుట్టిందే 1851లో. అంటే మన దొరగారు ఆఫీసు పుట్టడానికి 44 ఏళ్ల ముందే డ్యూటీలో చేరిపోయారు. విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త నిజంగానే ఉన్నాడు, 1887లో ఆ సంస్థకు అధిపతి కూడా అయ్యాడు. 1807లో గుహ కనిపెట్టిన ఉద్యోగికి 80 ఏళ్ల తర్వాత ప్రమోషన్ వచ్చిందంటే, రిటైర్మెంట్ వయసు పెంచమని ఊరేగింపులు తీసే మన ఉద్యోగ సంఘాలు ఆయన ఫోటోకి దండ వెయ్యాలి. ఆవు గోతిలో పడిందనీ, వెతుక్కుంటూ వెళ్లిన కాపరికి లోపల లింగాకారం కనబడిందనీ అక్కడి గిరిజనులు చెప్పుకునే కథ ఇంతకన్నా నయం. అందులో కనీసం తేదీల తప్పు లేదు.

గోస్తనీ నది గురించి ఒక్క ముక్క. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల్లోంచి దూరి, తాటిపూడి దగ్గర కాసేపు ఆగి, భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. అంటే ఈ ప్యాకేజీలో సగం రూటు దానిదే, టికెట్ లేకుండా. డ్రైవర్ ఆ నది మీది వంతెన దాటేటప్పుడు పాట సౌండు పెంచుతాడు.

కోర్టు సినిమాలంటే మనవాళ్లకు ప్రాణం కదా. బొర్రా పక్కనే ఒక కోర్టు కథ పడి ఉంది. అనంతగిరి మండలంలోని గిరిజన భూముల్లో ప్రైవేటు కంపెనీలకు గనుల లీజులిచ్చారని సమత అనే సంస్థ కేసు వేసింది. 1997లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది: ఏజెన్సీలో గిరిజనేతరులకు భూమి బదలాయించకూడదన్న నిషేధం ప్రభుత్వానికీ వర్తిస్తుంది, ప్రైవేటు కంపెనీలకు లీజు ఇవ్వడం చెల్లదు. దేశమంతటా గనుల కేసుల్లో ఈ రోజుకీ ఎత్తిచూపే తీర్పది. లొకేషన్ మీరు మొక్కజొన్న పొత్తు కొనుక్కున్న చోటే. కానీ అందులో హీరో ఎంట్రీ లేదు, స్లో మోషన్ లేదు, కాబట్టి అది ‘పాయింట్’ కాదు. పైగా ఆ సంగతి మొదలెడితే, మధ్యాహ్నం భోజనానికి ఆగిన రిసార్టు ఎవరి పేరున ఉంది, అసలు ఎవరిది అని ఎవరైనా అడగొచ్చు. టూరులో అలాంటి ప్రశ్నలకు టైం లేదు.

నవంబరు, డిసెంబరుల్లో వెళ్తే వలిసె పూలు. కొండవాలంతా పసుపు. ప్యాకేజీ భాషలో అది ‘సాంగ్ లొకేషన్’. బండి ఆగడమే ఆలస్యం, కుటుంబమంతా చేలో దిగుతుంది. పాప గౌను వేసుకుని, నాన్న కూలింగ్ గ్లాసులు పెట్టుకుని, అమ్మ చున్నీ గాలికి వదిలి. ఆ చేను పూలకోసం వేసింది కాదు, గింజకోసం, నూనెకోసం. తొక్కిన మేర గింజ పోతుంది. అందుకని గట్టు మీద కూర్చున్న రైతమ్మ ఈమధ్య ఫోటోకి పదో ఇరవయ్యో అడుగుతోంది. అప్పుడు చూడాలి మన టూరిస్టు పౌరుషం! బండికి వేలకు వేలు పోసినవాడు, లేని పుష్పకూ రాని ఘాజీకీ నోరెత్తకుండా డబ్బిచ్చినవాడు, ఇక్కడ మాత్రం వినియోగదారుల హక్కుల నాయకుడైపోతాడు. “ప్రకృతికి కూడా డబ్బులా అమ్మా?” ప్రకృతి అంటే ఆమె దుక్కి, ఆమె విత్తనం, ఆమె కలుపు తీసిన నడుము. ఈ ప్యాకేజీ మొత్తంలో సరుకు నిజంగా చేతికిచ్చి సొమ్ము అడిగింది ఆమె ఒక్కతే. దొంగలా చూసేదీ ఆమెనే. ఆ పక్కనే థింసా నాట్యం చీర అద్దెకు కట్టించే దుకాణం ఉంటుంది. కట్టుకుని నాలుగు అడుగులేసి వీడియో తీసుకోవచ్చు. అక్కడ బేరం ఆడరు, అది షూటింగ్ ఖర్చు.

‘ఆంధ్రా ఊటీ’, ‘ఆంధ్రా కశ్మీర్’ అనే బిరుదులూ ఈ బాపతే. అరకుకి ఒకటి, లంబసింగికి ఒకటి. ఊటీవాళ్లు ఎప్పుడైనా తమ ఊరిని ‘తమిళ అరకు’ అన్నారా? నిర్మాతకి ఊటీ వెళ్లే బడ్జెట్ లేక అరకులో తీసి ఊటీ అని నమ్మించాడు. ఇప్పుడు మనం డబ్బిచ్చి, అరకు ఊటీగా నటించిన చోటును చూడటానికి అరకు వెళ్తున్నాం. అరకుని చూసేది మరెప్పుడో.

నవ్వు ఆపి ఒక మాట. ఒక్క రోజులో అన్నీ అంటే చివరి ఘాట్ చీకట్లోనే దిగాలి. పొద్దున నాలుగింటికి లేచిన డ్రైవర్, అప్పుడే కమ్ముతున్న పొగమంచు, ఇంకో పాయింటు మిగిలిందని వెనక సీటు సణుగుడు. 2021 ఫిబ్రవరిలో హైదరాబాద్ నుంచి వచ్చిన యాత్రికుల బస్సు అరకు చూసి తిరిగొస్తూ ఇదే ఘాట్‌లో డముకు దగ్గర లోయలో పడింది. నలుగురు చనిపోయారు. ఆ మలుపును ఏ సినిమా పేరుతోనూ పిలవరు. బండి అక్కడ నెమ్మదించదు కూడా.

నిజమైన సినిమా లొకేషనే కావాలంటే ఈ మన్యంలో ఒకటుంది, ఒప్పుకుంటాను. చింతపల్లి. కృష్ణ ‘అల్లూరి సీతారామరాజు’ను, తెలుగులో మొదటి సినిమాస్కోప్ చిత్రాన్ని, ఎక్కువగా అక్కడే తీసి 1974లో విడుదల చేశారు. దర్శకుడు వి.రామచంద్రరావు సినిమా పూర్తికాకుండానే కన్నుమూశారు. అసలు రామరాజు 1922 ఆగస్టు 22న తుపాకుల కోసం పోలీసు స్టేషన్ మీద పడిందీ ఆ చింతపల్లిలోనే. సినిమా, చరిత్ర ఒకే చోట దొరకడం ఎంత అరుదు! పైగా నర్సీపట్నం నుంచి ఆ కొండలెక్కే దారి పని ఆ తిరుగుబాటుకి ఒక కారణం. బాస్టియన్ అనే డిప్యూటీ తహశీల్దారు గిరిజనుల చేత కూలి సరిగా ఇవ్వకుండా రోడ్డు పనులు చేయించాడు. లంబసింగి మబ్బుల్లో రీలు తీసుకోవడానికి మనం దూసుకెళ్లే దారి ఆ వైపుదే. ప్యాకేజీలవాళ్లను అడిగితే, “అది వేరే రూటు సార్, ఎక్స్‌ట్రా అవుద్ది” అన్నారు. రామరాజు ఎప్పుడూ ఎక్స్‌ట్రానే.

ఇంకొకటి కూడా ఉంది, నగరం మధ్యలోనే. 2018లో విడుదలైన ‘కేరాఫ్ కంచరపాలెం’ను వెంకటేష్ మహా తీసినప్పుడు నటుల్లో చాలామందిని ఆ పేటలోంచే ఎంచుకున్నాడు. లొకేషన్ అదే, నటులూ అక్కడివాళ్లే, కథా అక్కడిదే. ఘాట్ ఎక్కక్కర్లేదు, ఎవరి చేనూ తొక్కక్కర్లేదు. ఇంత చౌకగా ఇంత అసలు సరుకు ఉన్నా ఏ ప్యాకేజీలోనూ కంచరపాలెం కనబడదు. ఎందుకయ్యా అని ఒక టూరు పెద్దమనిషిని అడిగాను. ఆయన చాలా నిజాయితీగా చెప్పాడు: “అక్కడ అందరూ ఇంటి దగ్గరే ఉంటారండీ. ఏం చెప్పినా, కాదు అనేస్తారు.”