చరిత్ర కొండెక్కింది

జనం వస్తేనే చరిత్ర బతుకుతుందట. పర్యాటకం సభలో మైకు పట్టుకున్న ఏ పెద్దమనిషీ ఈ ముక్క అనకుండా వేదిక దిగడు. నిజమే కాబోలు. అందుకే విశాఖవాళ్లం ఆదివారం వస్తే చాలు, చరిత్రను బతికించడానికి తొట్లకొండ మీదికి దండెత్తుతాం. మా మల్కాపురం వాళ్లయితే మరీనూ. వారమంతా రిఫైనరీ వాసన పీల్చిన ప్రాణాలు కదా, ఊరికి ఆ చివర భీమిలి రోడ్డు దాకా వెళ్లి కాస్త సముద్రపు గాలి పోసుకుని, పనిలో పనిగా రెండువేల ఏళ్ల నాటి బౌద్ధారామాన్ని ఉద్ధరించి వస్తాం.

ఆ ఉద్ధరణ చూసి తీరాలి. పెళ్లికూతురు కాబోయే అమ్మాయి ఇటుకల వేదిక మీద నిలబడుతుంది. అసిస్టెంటు కుర్రాడు ఆమె లెహంగా అంచుల్ని పక్కనున్న చిన్న స్తూపం మీదుగా పరిచి, ఫ్రేములో పడకుండా అవతలికి గెంతుతాడు. గెంతింది భిక్షువుల గది గోడ మీదికి. "సార్, ఓ కాలు ఆ రాయి మీద ఎట్టండి, హీరోలాగుంటారు" అంటాడు ఫొటోగ్రాఫరు. పెళ్లీ పెటాకులూ వద్దని సంసారం విడిచి కొండెక్కినవాళ్ల గడపలో ప్రీ వెడ్డింగ్ షూట్! ఇంత వ్యంగ్యం వాళ్లే సమకూరుస్తుంటే ఇక నేను రాసేదేముంది?

1970లలో నౌకాదళం స్థావరం కోసం విమానాల్లోంచి సర్వే చేస్తుంటే ఈ శిథిలాలు కంటబడ్డాయి. 1988 నుంచి 1993 దాకా రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వితే మహాస్తూపం, చైత్యాలు, భిక్షువుల గదులు, భోజనశాల బయటపడ్డాయి. శాతవాహనుల నాణేల పక్కనే రోమన్ వెండి నాణేలూ దొరికాయి. మన రేవుకి పరాయి ఓడలు రావడం నిన్నమొన్నటి సంగతి కాదన్నమాట. నీళ్లు నిలవ చేసుకోవడానికి ఆనాటివాళ్లు రాతిలోనే తొట్లు తొలిచారు. కొండకు పేరొచ్చింది వాటివల్లే. మనమూ వాటిని వాడుకుంటున్నాం లెండి, తాగేసిన సీసాలు పారేయడానికి.

జనం ప్రేమ ఇలా ఉంటే సర్కారు ప్రేమ ఇంకో మెట్టు పైన. శతాబ్దాల పాటు మట్టికింద క్షేమంగా ఉన్న మహాస్తూపానికి మరమ్మతులంటూ కొత్తగా ఇటుకలు పేర్చి పైకి లేపారు. 2019 అక్టోబరు వానలకు అది కాస్తా కూలింది. ఆ కొండ ఎన్ని తుఫాన్లను కాచుకుందో లెక్కలేదు, మన బాగుచేతను మాత్రం తట్టుకోలేకపోయింది. పక్కనున్న రుషికొండకు గుండు కొట్టించిన ఊరు మనది. దాంతో పోలిస్తే తొట్లకొండ అదృష్టవంతురాలే.

అనకాపల్లి దగ్గర బొజ్జన్నకొండ మీద ఇంకో ముచ్చట ఉండేది. కనుమనాడు చుట్టుపక్కల ఊళ్లవాళ్లు వచ్చి అక్కడి బౌద్ధ శిథిలాన్ని రాక్షసుడనుకుని రాళ్లు రువ్వేవారు. చదువుకున్నవాళ్లం అయ్యో అజ్ఞానం అని నొచ్చుకున్నాం, నచ్చజెప్పాం, మాన్పించాం. పాపం, వాళ్లు వచ్చింది ఏడాదికొక్క పూట, అదీ ఏదో నమ్మకంతో. మనకి ఏ నమ్మకమూ లేదు, ప్రతి ఆదివారమూ కనుమే.

పెరూలో మాచు పిచ్చు అని కొండ మీద ఇన్కా రాజుల నాటి పాడుబడ్డ నగరం ఉంది. అక్కడ టికెట్టు మీదే ఎన్నింటికి లోపలికెళ్లాలో, ఏ దారిన నడవాలో రాసి ఇస్తారు. ఆ పద్ధతి ఇక్కడ పెట్టమంటే మనవాళ్లకి పౌరుషం పొడుచుకొస్తుంది: "డబ్బిచ్చి వచ్చినోళ్లం, గోడెక్కితే తప్పేటి?" ఎక్కండి బాబూ. గుళ్లో గర్భగుడి గడప తొక్కడానికి మాత్రం ఎందుకు వెనకాడతారో, అది అడగకూడదు.

మా వీధి కుర్రాడొకడు మొన్న అక్కడికి వెళ్లొచ్చి పెదవి విరిచాడు.

"అంత దూరం ఎల్తే ఇటికల దిబ్బలే కద బాబాయ్! బుద్ధుడి బొమ్మేదీ?"

అది హీనయానుల ఆరామమనీ, వాళ్లు విగ్రహం పెట్టకుండా స్తూపానికీ పాదాలకీ మొక్కేవారనీ ఓపిగ్గా చెప్పాను. శ్రద్ధగానే విన్నాడు.

"అయితే ఇప్పుడైనా ఒకటి ఎట్టించమను బాబాయ్. సెల్ఫీకి బాగుంటాది."