శిఖరం మీద చదివింపులు

ధరలు కొండెక్కితే మళ్లీ దిగవంటారు. మా బావా అంతే. కిలిమంజారో ఎక్కి, దిగి, హైదరాబాదొచ్చి ఏడాది దాటింది. మనిషి దిగాడు గానీ మాట దిగలేదు. “ఫ్యాను కాస్త తగ్గించండి బావా” అంటే, “దీనికే చలా? బరాఫు క్యాంపులో నా సీసాలో నీళ్లు గడ్డకట్టాయిరా” అంటాడు. ఉప్మాలో ఉప్పు తక్కువైతే, ఐదువేల మీటర్ల పైన నాలుక్కి రుచే తెలీదంటూ మొదలెడతాడు. ఆ ఎత్తుకి వెళ్లే అవకాశం ఇవ్వకూడదని మా అక్క ఈమధ్య ఉప్పు కాస్త ఎక్కువే వేస్తోంది.

ఇలాంటివాళ్లు ఇప్పుడు ప్రతి అపార్టుమెంటులోనూ ఒకరున్నారు. నలభై దాటాక ఒకరోజు షుగర్ రిపోర్టు చూసుకుని, దానికి విరుగుడుగా ఆఫ్రికాలోకెల్లా ఎత్తయిన కొండను ఎంచుకుంటారు. మూడు నెలలపాటు వీపున సంచిలో పది కిలోల సోనామసూరి పెట్టుకుని కేబీఆర్ పార్కులో తిరుగుతారు. (మా బావ సంచికి ఓసారి చిల్లుపడింది. నెమళ్లు చాలా దూరం వెంట వచ్చాయి.)

ఎక్కేటప్పుడు వీళ్ల ధ్యాసంతా శిఖరం మీదుంటుందని మీరనుకుంటారు. నేను పక్కనే నడిచాను కాబట్టి చెప్తున్నా: దిగాక ఎవరెవరు ఏమంటారో అన్నదాని మీదుంటుంది. మచామే దారిలో రెండోరోజు మా బావ ఆగి, ఆయాసం తీర్చుకుని, “మా డైరెక్టరు ఫోన్ చేస్తాడంటావా, మెసేజ్ పెట్టి ఊరుకుంటాడంటావా?” అనడిగాడు. అప్పటికి మేం నాలుగువేల మీటర్లు కూడా ముట్టలేదు.

మా గైడు రోజంతా చెప్పేది ఒకటే మాట: “పోలే, పోలే.” స్వాహిలీలో మెల్లగా, మెల్లగా అని. తెలుగు చెవికి అది వేరేగా వినిపిస్తుంది. గంటసేపు నడిచి వెనక్కి చూస్తే నిజమే, ఎక్కడికీ పోలే. చివరి క్యాంపు పేరు బరాఫు, అంటే మంచుగడ్డ. ఆ మాటకి హైదరాబాదువాళ్లకి తర్జుమా అక్కర్లేదు.

ఆ బరాఫు క్యాంపులో చివరి రాత్రి పదకొండింటికి లేపి, అర్ధరాత్రికి నడిపించారు. పైదాకా నెత్తిదీపాల వరస చూస్తే నాకు అలిపిరి మెట్లదారి గుర్తొచ్చింది. కాకపోతే గోవింద నామాల బదులు వాంతుల చప్పుడు. తెల్లవారుతుండగా స్టెల్లా పాయింట్ చేరాం. అగ్నిపర్వతం అంచు అది, 5,756 మీటర్లు. అక్కడ ఓ బోర్డుంది, దానిమీద అభినందనలని ఉంది. నేను నమ్మాను. బోర్డు కింద చతికిలబడి, గైడు ఫ్లాస్కులోంచి పోసిన అల్లం టీ తాగుతుంటే, ముక్కూ మొహం తెలియని పెద్దావిడ ఒకరు నన్ను వాటేసుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఎందుకో ఇద్దరికీ తెలీదు. మా బావ మాత్రం ఎవరి చెయ్యీ అందుకోలేదు. “లేవరా. ఇది నిశ్చితార్థం. పెళ్లి అక్కడ” అని ఇంకో 139 మీటర్ల పైకి చెయ్యి చూపించాడు.

నాకు నిశ్చితార్థం చాలనిపించింది. అప్పటికే రెండుసార్లు కక్కాను. చిన్న గైడు నా కళ్లలోకి ఓసారి చూసి, మాట్లాడకుండా నా సంచీ అందుకుని కిందికి దారితీశాడు.

కాబట్టి పైన జరిగింది నేను చూడలేదు. నలభైసార్లు విన్నాను, అంచేత చూసినవాడికన్నా బాగానే చెప్పగలను. ఉహురు శిఖరం మీద, 5,895 మీటర్ల దగ్గర, పెద్ద బోర్డుంటుంది. అదే ముందుగా అభినందనలు చెప్తుంది. మనిషన్నవాడు నోరు తెరిచేలోపే చెక్క చదివించేస్తుందన్నమాట. దానికింద ఫొటోకి వరస. వరసలో ఉన్నవాళ్లంతా ఒకరికొకరు కంగ్రాట్స్ చెప్పుకుంటారు. అందరూ చేసొచ్చింది ఒకే పని. బంతిలో పక్కపక్కన కూచున్నవాళ్లు ఒకరినొకరు “భోంచేశారా?” అని అడిగినట్టుంటుంది. మా బావ పదిహేడుమందికి చెప్పి పందొమ్మిది తిరిగి తీసుకున్నాడట. పైన వచ్చిన రెండూ ఎక్కడివి బావా అంటే, ఒకటి గైడుది, ఒకటి బోర్డుది అన్నాడు.

ఈలోగా, రాత్రంతా చంకలో వెచ్చగా దాచుకున్న ఫోను బయటికి తీసిన నిమిషానికే చలికి చచ్చింది. ఎవరి ఫోన్లోనో ఫొటో దిగాడు. ఆ ఎవరో దాన్ని పంపడానికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ మా అక్క పడ్డ పాట్లు కొండెక్కినవాళ్లు కూడా పడి ఉండరు.

ఈ కొండను 1889 అక్టోబరు 6న మొదట ఎక్కిన హాన్స్ మేయర్ పద్ధతి ఇంకో రకం. తోడొచ్చిన లుడ్విగ్ పుర్ట్‌షెల్లర్‌ని పక్కన పెట్టుకుని, జెండా పాతి, తన జర్మన్ చక్రవర్తికి మూడు జేజేలు కొట్టి, శిఖరానికి కైజర్ విల్హెల్మ్ పేరు పెట్టేశాడు. పెళ్లికి రానివాడి పేరున చదివింపు రాయించడమంటే ఇదే. 1961లో ఈ కొండ ఉన్న టాంగన్యికాకి స్వాతంత్ర్యం వచ్చాక ఆ పేరు పోయి, స్వేచ్ఛ అనే అర్థంలో ఉహురు అయింది.

అసలు తంతు దిగాక మొదలైంది. మోషీ ఊళ్లో హోటలు చేరగానే బూట్లు విప్పకుండానే వైఫై అడిగాడు. పెళ్లిలో చదివింపుల దగ్గర పుస్తకం పట్టుకుని కూచునే పెద్దమనిషి ఉంటాడు చూడండి, ఆ రాత్రి మా బావ అచ్చం అతనే. బొటనవేలి బొమ్మ పెట్టినవాళ్లు స్టీలు గిన్నె కింద లెక్క. కంగ్రాట్స్ అని అక్షరాలు టైపు చేస్తే నూటపదహార్లు. “మాకు స్ఫూర్తినిచ్చారు సార్” అంటే వెయ్యినూటపదహార్లు. ఫోన్ చేసి, భయమేసిందా అనడిగినవాళ్లది వెండి కుంకుమభరిణె. డైరెక్టరు బొటనవేలు పెట్టాడు. ఆ రాత్రి మా బావ అన్నం ముట్టలేదు.

పుస్తకం ఊరికే రాయరు, తిరిగి పెట్టాలి కాబట్టి రాస్తారు. మొన్న ఆయన తోడల్లుడు పది కిలోమీటర్ల పరుగు పూర్తిచేశానని ఫొటో పెట్టాడు. మా బావ వెనక్కి వెళ్లి పాత సందేశాలన్నీ వెతికి, “వీడు నాకు చప్పట్ల బొమ్మలు రెండే పెట్టాడు” అని, సరిగ్గా రెండే పెట్టాడు. “కంగ్రాట్స్, నేనూ 2019లో ఎక్కాను” అని ఎవరైనా రాస్తే అది అసలు చదివింపే కాదట, పాత బాకీ వసూలట.

ఈ కులంలోనూ వియ్యాలవారి పట్టింపులున్నాయి. నాలుగో అంతస్తాయన ఎవరెస్ట్ బేస్ క్యాంపు వెళ్లొచ్చాడు. అది 5,364 మీటర్లు. మా బావ కొండకన్నా 531 తక్కువ. కానీ పేరులో ఎవరెస్ట్ ఉంది. లిఫ్టులో ఇద్దరూ కలిస్తే కంగ్రాట్స్ అంటే కంగ్రాట్స్ అనుకుని, ఆపైన అంకెల మీటకేసి చూస్తూ నిలబడతారు. కింది వాటాలో మామ్మగారు మాత్రం ఎవరి పక్షమూ కాదు. “మన నిజామాబాదు పిల్ల, పూర్ణ, పదమూడేళ్లకే ఎవరెస్ట్ ఎక్కేసింది కదా నాయనా. నువ్వెక్కింది ఏదీ?” అంది. అది 2014 మే 25 సంగతి, ఈవిడకి తారీఖుతో సహా గుర్తుంది. 2018లో ఏడేళ్ల హైదరాబాదు కుర్రాడూ, 2019లో 89 ఏళ్ల అమెరికన్ బామ్మా ఇదే కిలిమంజారో ఎక్కేశారు. కార్ల్ ఎగ్లాఫ్ అనే ఆయన 2014లో ఎక్కి దిగడానికి 6 గంటల 42 నిమిషాలు తీసుకున్నాడు. మా బావకి ఆరు రోజులు. ఇవన్నీ మామ్మగారికి చేరవేసింది నేనే అని మా బావకింకా తెలీదు.

మ్వెకా గేటు దగ్గర ఇంకొకటి జరిగింది. ఆరు రోజులూ మా బావ పెద్దసంచీ నెత్తిన మోసిన పోర్టరు దాన్ని దింపి, మెడ అటూఇటూ తిప్పుకుని, నవ్వుతూ “హొంగేరా” అన్నాడు. కంగ్రాట్స్ అని. అందరికన్నా ముందు, కిందికి రాగానే అన్నది అతనే. లెక్కలో అది కనబడక మా బావనడిగాను. “పేరు గుర్తులేదురా. పేరు లేకుండా ఎలా రాస్తాం?” అన్నాడు.

ఆ గేటు దగ్గరే సర్టిఫికెట్లిస్తారు. ఉహురు చేరినవాళ్లకొకటి, స్టెల్లా దగ్గర ఆగినవాళ్లకి వేరేది. మా బావ తనది హాల్లో, సోఫాకి ఎదురుగా, కూచున్నవాడి కంటికి సమానంగా పెట్టాడు. నాదీ ఫ్రేము కట్టించాను. మా ఇంటికొస్తే మీరూ చూసి ఒక మాట అనొచ్చు, వద్దనను. కాకపోతే సీలింగుకి దగ్గరగా తగిలించాను. దయచేసి ఎవరూ స్టూలు వేసుకుని ఎక్కకండి.