కరిగిన కాసు కథ

నేను రోమను చక్రవర్తి ట్రేజన్ బొమ్మతో పుట్టిన బంగారు నాణేన్ని. ఆయన క్రీ.శ. 98 నుంచి 117 దాకా ఏలాడు. నా తూకం ఏడు గ్రాములకు కాస్త పైన, మీ లెక్కలో కాసుకు కొంచెం తక్కువ. ఒకవైపు ఆకుల దండ చుట్టుకున్న చక్రవర్తి తల, దాని చుట్టూ లాటిను అక్షరాలు. ఆ ముఖం ఇప్పుడు నాకు లేదు.

నేను కళ్లారా చూసిన మహానగరం అలెగ్జాండ్రియా. మధ్యధరా సముద్రపు ఒడ్డున, ఫారోస్ దీవి మీద, దాదాపు వంద మీటర్ల ఎత్తు దీపస్తంభం. రేవు నిండా ఓడలు, వీధి నిండా రకరకాల మనుషులు. డియో అనే గ్రీకు వక్త ఆ ఊరి జనం ముందు మాట్లాడుతూ, శ్రోతల్లో భారతీయులు కూడా కొందరున్నారని చెప్పాడు. మిరియాలు, ముత్యాలు, సన్నని నూలుబట్టలు మన దేశం నుంచి అక్కడికి చేరేవి. వాటి విలువలో నాలుగో వంతు సుంకంగా కట్టాల్సిందే. అయినా వర్తకులకు లాభమే. ఏటా 5 కోట్ల సెస్టర్సులు హిందూదేశానికి తరలిపోతున్నాయని ప్లినీ అనే పండితుడు నా పుట్టుకకు ముందే వాపోయాడు. నూరు సెస్టర్సులకు నాలాంటి కాసు ఒకటి. అంటే ఏటా 5 లక్షల కాసులు!

వాటి దారినే నేనూ వచ్చాను. నైలు నది మీద కోప్టోస్ దాకా పడవ, అక్కడినుంచి బెరెనీకె రేవుకు పన్నెండు రోజుల ఎడారి ప్రయాణం, ఆ మీద నైరుతి గాలి పట్టుకుని పడమటి తీరానికి ఓడ. అక్కడ చేతులు మారి, దేశవాళీ నావల్లో తూర్పు తీరానికి చేరాను. ఈ గట్టున శాతవాహనుల సీసపు నాణేలు కనిపించాయి. వాటి మీద రెండు తెరచాపకొయ్యల ఓడ బొమ్మ. రాజు తన నాణెం మీద ఓడను వేయించుకున్నాడంటే ఈ తీరం సముద్రాన్ని ఎంత నమ్ముకుని బతికిందో చూడండి.

ఇక్కడివాళ్లు నన్ను చెల్లుబాటు కోసం దాచుకోలేదు, సింగారానికి వాడుకున్నారు. చక్రవర్తి తలకు పైన చిల్లు పొడిచి, దారం ఎక్కించి, ఒక ఇల్లాలి మెడలో వేశారు. ఆమె మెడలో ఆడి ఆడి అక్షరాలు అరిగాయి. మీ కాసులపేరు చూసినప్పుడల్లా నాకు ఆ మెడ గుర్తొస్తుంది. తర్వాత ఒకరోజు నన్నూ, ఇంకొన్ని కాసుల్నీ చిన్న ముంతలో పోసి మన్నులో పెట్టారు. మాలో కొన్ని అసలు చేతులే మారనివి, టంకశాల నుంచి నిన్న వచ్చినట్టు మెరిసేవి. మా పైన ఒక చిన్న గుడి ఉండేది. అదీ కూలింది.

1786 ప్రాంతంలో నెల్లూరు దగ్గర రాళ్లగుట్ట వాలులో ఒక రైతు దున్నుతుంటే నాగలికి ఇటుక కట్టడం తగిలింది. తవ్వితే గుడి ఆనవాళ్లు, కింద మేము.

పాత బంగారంగా మమ్మల్ని అమ్మేశాడు. అతన్ని తప్పుపట్టను. ఎవరి బొమ్మో చెప్పేవాళ్లు ఆ పొలంలో లేరు.

"ఆచారీ, ఇది బంగారమేనా?"

కంసాలి నన్ను గీటురాయి మీద గీశాడు. గీత పచ్చగా పడింది. "మేలిమి. యాడ దొరికిందయ్యా?" అంటూనే మూసలో వేశాడు. కుంపటిలో బొగ్గులు ఎర్రబడ్డాయి. ఊదుగొట్టంతో ఊదుతుంటే ముందు చిల్లు పూడింది, తర్వాత చక్రవర్తి ముక్కు జారింది, అక్షరాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. బంగారానికి నష్టం లేదు, గుంజెత్తు కూడా తగ్గలేదు. పోయిందల్లా నేను ఎక్కడివాణ్నో చెప్పే సాక్ష్యం.

నవాబు అమీరుల్ ఉమరా ముప్పైకి పైగా కాసుల్ని వెనక్కి రాబట్టాడు. వాటిలోంచి చెన్నపట్నం గవర్నరు అలెగ్జాండర్ డేవిడ్సన్ రెండు ఏరుకున్నాడు: ఒకటి హేడ్రియన్‌ది, ఒకటి రాణి ఫాస్టినాది. ఆయన ఆ సంగతి రాసి పంపితే కలకత్తా నుంచి వెలువడే 'ఏషియాటిక్ రీసెర్చెస్' రెండో సంపుటంలో అచ్చయింది. మేము రెండో శతాబ్దం నాటివాళ్లమని లోకానికి తెలిసింది ఆ నాలుగు ముక్కల వల్లే. కానీ అందులో నెల్లూరు దగ్గర అనే ఉంది, ఆ ఊరి పేరు లేదు. ఎంత పెద్ద లోటో! ఏ గుట్టో తెలిస్తే ఆ గుడినీ, దాని చుట్టూ ఉన్న పాత ఊరినీ వెతికేవాళ్లు.

నేను చూసిన ఆ అలెగ్జాండ్రియా దీపస్తంభం కూడా 14వ శతాబ్దపు భూకంపాలకు పూర్తిగా దెబ్బతింది. దాని చోట 1477లో సుల్తాను కైత్‌బే కోట కట్టించడం మొదలుపెట్టాడు. అక్కడి నీళ్ల అడుగున పడిన పెద్దపెద్ద రాళ్ల దగ్గరికి 1990ల్లో మునకగాళ్లు దిగి, ఒక్కోదానికీ నంబరు వేసి, పటం గీశారు. రాయి ఎక్కడ పడి ఉందో రాసిపెట్టుకున్నారు కనుకే ఆ నగరం మళ్లీ కళ్లకు కడుతోంది. మన నేలకూ అంత చరిత్ర ఉంది, దాన్ని రాసిపెట్టుకునే అలవాటే రావాలి.

పెన్న ఒడ్డునో, గుట్ట వారనో దున్నే అయ్యల్లారా, ముంత దొరికితే ముందు దాన్ని కదపకండి. ఇటుకలు ఏ వరుసలో ఉన్నాయో చూడండి, ఊరిలో నలుగురికి చెప్పండి. పది రూపాయల విలువ దాటిన నిధి దొరికితే కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టం చెబుతోంది. ఆ కబురు కంసాలి కొట్టుకన్నా ముందు కలెక్టరు కచేరీకి చేరనివ్వండి.