ఫైలు పచ్చగా ఉంటే చాలు

హైదరాబాద్‌లో నానక్‌రామ్‌గూడ వైపు వెళ్తే అద్దాల మేడలు పడమటెండను తెచ్చి మన మొహానే కొడుతుంటాయి. లాబీలో మాత్రం తళతళలాడే ఫలకం: ఇది హరిత భవనం. నమ్మక చస్తామా? ఫైలుంది కదా!

అసలు కట్టడం సులువే, ఆ ఫైలు కట్టడమే కష్టం. సైటులో దుమ్ము లేవకూడదని నియమం. ట్యాంకర్ వస్తుంది, నీళ్లు చల్లుతారు, లారీ టైర్లు కడుగుతారు, తేదీ పడేలా సైట్ ఇంజనీరు ఫోటోలు తీస్తాడు. ట్యాంకర్ వెళ్లిపోగానే దుమ్ము మళ్లీ డ్యూటీ ఎక్కుతుంది. సిమెంటు బస్తాలు దిగకముందే అందులో ఫ్లైయాష్ (బొగ్గు బూడిద) ఎంతుందో లెటర్‌హెడ్ మీద రాసిమ్మని కన్సల్టెంటు ఫోను. సిమెంటు ఆలస్యమైనా ఫర్వాలేదు, ఉత్తరం ఆగకూడదు.

పాయింట్ల లెక్క ఇంకా రంజుగా ఉంటుంది. హరిత భవనాలకు పాయింట్లిచ్చే లీడ్ రేటింగు 2009 కూర్పులో సైకిల్ స్టాండూ, స్నానానికి షవరూ పెడితే 1 పాయింటు వచ్చేది. పొగ తక్కువ వదిలే కార్లకు పార్కింగులో 5 శాతం మంచి చోటు కేటాయిస్తే 3 వచ్చేవి. తొక్కేవాడికంటే తోలేవాడికి మూడింతల పుణ్యం! మన రోడ్ల మీద సైకిలు తొక్కుతూ ఆఫీసుకి ప్రాణాలతో చేరినవాడికి న్యాయంగా ఆ రేటింగులో పై మెట్టయిన ప్లాటినమే ఇవ్వాలి. ఈ పద్ధతిలో పట్టా పుచ్చుకున్న నిపుణుడు జట్టులో ఉన్నా 1 పాయింటే. అంటే కాగితాలు నింపే మనిషి దొరికినందుకే మేడ కాస్త పచ్చబడిందన్నమాట.

కరెంటు ఆదా సంగతి మరీ విచిత్రం. ఇంకా గృహప్రవేశం కాని భవనాన్ని, ఎవరూ ఎన్నడూ కట్టని మరో ఊహా భవనంతో కంప్యూటర్లో పోల్చి, ఇంత శాతం మిగిలిందంటారు. మే నెలలో ఏసీ ఎంత తిప్పారన్నది ఆ లెక్కకు తెలీదు.

2003లో అమెరికా బయట తొలి లీడ్ ప్లాటినం వచ్చింది ఇక్కడికే, హైటెక్ సిటీ దగ్గరున్న సీఐఐ సోహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్‌కి. అక్కడ నడుమ ఖాళీ ముంగిలి ఉంది, జాలీ గోడలున్నాయి, మిద్దె మీద తోటుంది. తర్వాత వచ్చినవాళ్లలో చాలామంది ముంగిలిని వదిలేసి ఫలకాన్ని పట్టుకున్నారు.

బిల్డరు గారికి ఒక్క విన్నపం. ఆ ఫలకం పక్కనే నెలనెలా కరెంటు బిల్లు, నీళ్ల ట్యాంకర్ల రసీదులు కూడా ఫ్రేము కట్టించండి. ఫ్రేముల ఖర్చు మేం చందాలేసుకుంటాం.