నియోజకవర్గానికో ఇన్నోవేషన్ హబ్: అధికారులకు కొన్ని చిట్కాలు

ముందు అద్దాల భవనం కట్టండి. లోపల ఏం జరగాలో తర్వాత చూసుకోవచ్చు. భవనమైతే రిబ్బను కత్తిరించవచ్చు. టమోటా రైతూ నర్సరీవాడూ చెప్పుకునే కబుర్లకు కత్తెర ఎక్కడ పెడతాం?

ఒక ప్రాంతంలోని కంపెనీలు, కాలేజీలు, సర్కారీ సంస్థలు ఒకరి దగ్గర ఒకరు నేర్చుకుంటేనే కొత్తదనం నిలుస్తుందని ఫిలిప్ కుక్ అనే బ్రిటిష్ పండితుడు 1992 నుంచీ రాస్తున్నాడు. ఆయన పేరు మొదటి స్లైడులో వేయండి. రాసింది చదవకండి.

మదనపల్లెలో తెల్లారేసరికి మార్కెట్ యార్డు వైపు వెళ్లకండి. క్రేట్ల వరసల మధ్య నిలబడితే మీ ప్రాజెక్టు అవసరమేమిటన్న అనుమానం పుట్టొచ్చు. ఏ టమోటా కాయ లారీలో నలగకుండా దూరం పోతుందో మండీవాడికి తెలుసు. ఆ మాట విత్తనాల ఏజెంటు చెవిన పడుతుంది. మరుసటి పంటకు నర్సరీ ట్రేల్లో ఆ రకం నారే కనబడుతుంది. దీన్ని వ్యవస్థ అనకండి, దళారుల పెత్తనం అనండి. అందులో కొంత నిజమూ ఉంది కాబట్టి ఎవరూ కాదనరు. 2023 జులైలో కిలో నూటయాభై దాటిన ధర సెప్టెంబరుకల్లా నేలకు దిగింది. రైతులు గుజ్జు ఫ్యాక్టరీలు అడుగుతారు. మీరు యాప్ ఇవ్వండి.

పుంగనూరు పొట్టి ఆవును పలమనేరు పశు పరిశోధన కేంద్రం ఏళ్ల తరబడి కాపాడుకొస్తోంది. 2024 సంక్రాంతికి ప్రధాని ఇంట్లో ఫొటోకెక్కాక దేశమంతా దాని గురించే మాట. శాస్త్రవేత్తల జోలికి పోకండి, ఆవుతో సెల్ఫీ దిగండి. మూడడుగుల లోపే కదా, ఫ్రేములో చక్కగా ఇముడుతుంది.

ఇక కుప్పం పాఠం. ప్రాజెక్టు గడువు మూడేళ్లకు మించనివ్వకండి. 2002లో హ్యూలెట్ ప్యాకార్డ్ ఇక్కడ ఐ-కమ్యూనిటీ మొదలుపెట్టింది. ఊళ్లలో సమాచార కేంద్రాలు తెరిచింది, పొదుపు సంఘాల ఆడవాళ్ల చేతికి డిజిటల్ కెమెరా, సోలార్ ప్రింటరూ ఇచ్చి ఫొటోగ్రాఫర్లను చేసింది. మంచి ఆలోచనే. మూడేళ్లకు గడువు తీరింది, కంపెనీ తప్పుకుంది. నాలుగో ఏట ప్రింటరుకు ఇంకు ఎవరు తెస్తారని అడిగేవాణ్ణి కమిటీలోకి రానివ్వకండి. అక్కడే అగస్త్య ఫౌండేషన్ బడిపిల్లలతో సైన్సు ప్రయోగాలు చేయిస్తోంది. ఆ పిల్లలు ఎదిగి ఏదైనా కనిపెట్టాలంటే పదిహేనేళ్లు, అంటే మూడు ఎన్నికలు. మనకెందుకు?

1990ల చివర ఇజ్రాయెల్ పద్ధతిలో డ్రిప్ సేద్యం ప్రదర్శన కూడా కుప్పంలోనే జరిగింది. రైతు పొలంలో డ్రిప్ నిలదొక్కుకున్నది మాత్రం 2003లో రాష్ట్ర సూక్ష్మ సేద్య పథకం రాయితీ ఇచ్చి, టౌనులో పైపుల కొట్లూ, పిలిస్తే బండి మీదొచ్చి లీకు అతికే కుర్రాళ్లూ పెరిగాకే. ఈ వాక్యాన్ని మీ నివేదికలోకి రానివ్వకండి.